ఓడ వైపు కొస

పూలు కట్టిన చేతికి రబ్బరు గొట్టాలు కట్టడం ఒక పనా అని అనంతమ్మ కొత్తూరు యూనిట్‌లో చేరిన మొదటి రోజే అంది. అన్నట్టే చేసి చూపించింది కూడా. పాతికేళ్ళపాటు చామంతి, బంతి దండలు కట్టిన చేతులవి. కొత్వాల్‌గూడ చుట్టుపక్కల పూలతోటలు ఒక్కొక్కటే ప్లాట్లుగా మారాక ఆ చేతులకు పని లేకుండా పోయింది. తాళ్ళు, వలలు, టార్పాలిన్లు తయారుచేసే ఈ యూనిట్‌వాళ్ళు "ముడి బాగా వేసే ఆడవాళ్ళు కావాలి" అంటే వచ్చి చేరింది. బంతిపూలకు బదులు బంతిపూల రంగు గొట్టాలు. ముడి మాత్రం అదే ముడి.

ఆమె బల్ల దగ్గర మొత్తం ఆరుగురు. బల్లకు పెద్ద అనంతమ్మే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఎవరి ముడి వదులుగా ఉన్నా విప్పించి మళ్ళీ కట్టించేది. ఆమె పక్కనే కూర్చునే యేసుమణి ఆమెకు కుడిచెయ్యి, నోరు మాత్రం రెండు చేతుల పెట్టు.

కట్టాల్సింది నూటయాభై మీటర్ల తాడు. దానికి ఐదేసి మీటర్లకు ఒక జత చొప్పున ముప్పై జతల గొట్టాలు వేలాడాలి. ఎందుకు వేలాడాలో ఎవరూ చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు. ఏదో ఫంక్షన్ హాలు అలంకారమని యేసుమణి తేల్చేసింది. రోడ్డు పనుల దగ్గర అడ్డం కట్టే తాడని మిగిలినవాళ్ళు అనుకున్నారు.

సూపర్‌వైజర్ జగదీశ్ మొదటి రోజు ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "గొట్టాలు ఏడు మీటర్ల కాడికెల్లి ఒక మీటరు దాక ఉంటయక్కా. అంత కాయితంల రాసుంది, జర సూస్కోండ్రి" అన్నాడో లేదో, ఫోను మోగింది, అతను బయటికి పోయాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. కటింగ్ సెక్షన్ నుంచి గొట్టాలు పొడుగూ పొట్టీ కలిసిపోయి గంపగుత్తగా వచ్చాయి.

అడిగితే అయిపోయేది. కానీ అనంతమ్మ అడిగే రకం కాదు, ముడుల విషయంలో అసలే కాదు. దండ అంటే నడుమ నిండుగా ఉండాలి, రెండు కొసలకూ పోనుపోను సన్నబడాలి. ఈ సూత్రం ఆమెకు అత్త నేర్పింది, అత్తకు వాళ్ళ అత్త నేర్పింది. ఏడు మీటర్ల గొట్టాలు నడిమధ్యకు, ఆరు మీటర్లవి వాటికి అటూ ఇటూ, అలా తగ్గించుకుంటూ పోయి రెండు చివర్లా ఒక్కో మీటరువి కట్టించింది. షెడ్డు పొడవు ఇరవై మీటర్లే కాబట్టి కట్టింది కట్టినట్టు డ్రమ్ములో చుట్టేవాళ్ళు. తాడు మొత్తాన్ని పరిచి చూసినవాళ్ళు ఎవరూ లేరు. ప్యాకింగ్‌లో గొట్టాలు లెక్కపెట్టారు, డ్రమ్ము తూకం వేశారు. రెండూ సరిపోయాయి. పోయిన నెల నాలుగు తాళ్ళు వెళ్ళాయి. "పని బాగుంది, ఇంకో పన్నెండు కావాలి" అని కబురొచ్చింది. ఆ పన్నెండూ పూర్తయి, మంగళవారం శంషాబాద్‌లో కార్గో ఏజెంటు గోదాముకు చేరాయి. గురువారం విమానం ఎక్కాలి.

బుధవారం మధ్యాహ్నం సిల్వియా వచ్చింది. తాళ్ళను విదేశాలకు పంపే ఆఫీసులో ఉద్యోగం. చేరి ఇంకా నెల కాలేదు. మచిలీపట్నం అమ్మాయి. అంతకుముందు రెండేళ్ళు చేపల ఓడల మీద తిరుగుతూ, ఏ పక్షులు వచ్చాయి, ఏవి చచ్చాయి అని రాసే పని చేసింది. తాళ్ళు కట్టినవాళ్ళకు అవి ఎందుకో చెప్పాలని, ఎవరూ చెప్పమనకుండానే, తనంతట తాను వచ్చింది.

క్యాంటీన్ టీవీకి ఫోను కలిపింది. బూడిద రంగు సముద్రం, కొండల్లాంటి అలలు, వాటి మీద రెక్కాడించకుండా జారిపోతున్న తెల్లటి పక్షులు.

"దీన్ని ఆల్బట్రాస్ అంటారమ్మా. భూమికి అట్టడుగున, చలి సముద్రాల మీద ఉంటుంది. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు పదకొండు అడుగులు."

"పదకొండా!" అని యేసుమణి లేచి రెండు చేతులూ చాపింది. చాలదని ఇంకొకామెను లేపి పక్కన నిలబెట్టింది. ఇద్దరి చేతులు కలిసినా సిల్వియా తల అడ్డంగా ఊపింది. "ఇంకో అడుగు కావాలి." అందరూ నవ్వారు. గింత పిట్ట ఇంట్లో దూరితే మనమే బయటికి పోవాలని ఎవరో అన్నారు.

సిల్వియా చెప్పుకుంటూ పోయింది. రెండేళ్ళకు ఒకే ఒక్క గుడ్డు. జోడు కడితే బతికినంతకాలం అదే జోడు. ఒకటి గూటి దగ్గర ఉంటే ఇంకొకటి వెయ్యి, రెండు వేల కిలోమీటర్లు ఎగిరిపోయి మేత తెస్తుంది. ఒకటి పోతే మిగిలింది ఒంటరిగా పిల్లను సాకలేదు. "చేపల ఓడలు వేల గాలాలకు ఎర గుచ్చి వెనక నుంచి నీళ్ళలోకి వదులుతాయి. ఎర మునిగేలోపు ఈ పక్షి వచ్చి అందుకుంటుంది. గాలం ముక్కుకు పడుతుంది. గాలానికి కట్టిన బరువు దాన్ని కిందికి లాగేస్తుంది. మునిగి చచ్చిపోతుంది. అలా కాకుండా ఆపేది మీరు కట్టిన తాడే."

టీవీలో ఓడ వెనక భాగం కనిపించింది. ఎత్తయిన స్తంభానికి తాడు కట్టి ఉంది. ఓడ దగ్గర తాడు చాలా ఎత్తున ఉంది, అక్కడ గొట్టాలు కూడా నీళ్ళను తాకేంత పొడుగు. దూరం పోయేకొద్దీ తాడు సముద్రం మీదికి వాలింది, గొట్టాలు కురచవుతూ వచ్చాయి. గాలికి అవి కొట్టుకుంటుంటే పక్షులు దగ్గరికి వచ్చి, బెదిరి, పక్కకు తిరిగిపోతున్నాయి. గాలాలు ఓడను ఆనుకునే నీళ్ళలోకి దిగుతున్నాయి.

నడుమ పొడుగు గొట్టాలు కట్టించిన తన తాళ్ళు అనంతమ్మకు గుర్తొచ్చాయి. పిట్టల్ని తోలే పని ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద కూర్చుని వడిసెల తిప్పిన పిల్ల ఆమె. వాళ్ళ బాపు బిక్షం ఒక్కటే చెప్పేవాడు, పిట్టను కొట్టొద్దు, కొడతావేమోనని అది అనుకోవాలి, అంతే. ఒకసారి గురి తప్పి రాయి ఒక చిలుకకు తగిలితే ఆ పూట బాపు అన్నం ముట్టలేదు. ఆ చేను ఇప్పుడు రన్‌వే కింద ఉంది. అక్కడ ఇప్పటికీ పిట్టల్ని తోలుతూనే ఉన్నారట, జీతాలిచ్చి మరీ.

"సిల్వియమ్మా" అంది. "పొడుగు గొట్టాలు ఓడ దిక్కే ఉండాల్నా? నడిమిట్ల ఉంటే ఏమైతది?"

"నడుమ ఉంటే నీళ్ళలో పడి గాలాల తాడుకు చుట్టుకుంటాయమ్మా. ఓడ దగ్గర ఖాళీ అయిపోతుంది. పక్షికి మనమే వాకిలి తీసి పెట్టినట్టు" అని సిల్వియా నవ్వింది. నవ్వడానికి ఆమెకేం, తెలియదు కదా.

చేతులు కడుక్కునే నల్లా దగ్గర యేసుమణి అనంతమ్మను పట్టుకుంది. ఆమెకు కూడా అర్థమైంది.

"అక్కా, నీ మొకం సూస్తే తెలుస్తుంది, పోయి చెప్పేటట్టున్నవ్. సప్పుడు చెయ్యకు. ఎవలకు తెలుస్తది? ఏడనో దునియా చివర్ల నీళ్ళు. మనం ఆరుగురం ఉన్నం. బల్ల ఎత్తేస్తే ఏడికి పోతం?"

"నువ్వన్నది నిజమే."

"మరి?"

"నేనే కట్టిచ్చిన యేసుమణి. మీ అందరితోని నేనే కట్టిచ్చిన. నీ తప్పు కాదు గిది."

"తప్పెవలదని అడుగుతున్ననా నేను?" అని యేసుమణి నల్లా గట్టిగా బిగించింది.

అనంతమ్మ జగదీశ్ గదికి వెళ్ళింది. లోపల సిల్వియా కూడా ఉంది. నిలబడే చెప్పింది. గోదాములో ఉన్న పన్నెండు తాళ్ళూ తప్పుగా కట్టినవని, కాగితం చదవడం రాకపోయినా అడగలేదని, దండ కట్టినట్టు కట్టించానని. జగదీశ్ ముందు నమ్మలేదు. తరువాత నెత్తి పట్టుకున్నాడు. "మొత్తం గలత్ ఐతే ఎట్లక్కా? రేపు విమానం!" సిల్వియా ఫోను తీసి గోదాముకు చేసింది. డబ్బాలు గురువారం సాయంత్రం ఐదింటికల్లా ఎయిర్‌పోర్టు లోపలికి పోవాలి. అంతవరకు గోదాములోనే ఉంటాయి. "పొద్దున్నే వెళ్దాం. విప్పి కడదాం" అంది.

ఆమె బయటికి వెళ్ళగానే జగదీశ్ తలుపు దగ్గరికి వేశాడు. "అక్కా, మొదాలు పోయిన నాలుగు?"

"అవి గూడ గంతే."

జగదీశ్ తల దించుకున్నాడు. "గవిటి ముచ్చట తియ్యకు. కాయితం నీ చేతిల పెట్టి పోయింది నేనే. ఇద్దరం పోతం."

అనంతమ్మ సరేనలేదు, కాదనలేదు. ఓడ ఎక్కిన తాళ్ళను ఎవరు దింపుతారు? నీళ్ళు పోయాక గట్టు కట్టి ఏం లాభం? దిద్దుకోగలిగింది దిద్దుకుంటున్నాం కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. నిజం చెప్పిందనాలా, దాచిందనాలా? పదహారు తాళ్ళలో పన్నెండింటి సంగతి చెప్పింది. ముప్పాతిక నిజం. మిగిలిన పావు కంపెనీ బండి ఎక్కి ఆమెతోపాటే ఇంటికి వచ్చింది, అన్నం దగ్గర కూర్చుంది.

గురువారం పొద్దున ఏడింటికి ఆరుగురూ శంషాబాద్ గోదాము దగ్గర దిగారు. గోదాము చూసుకునే కుర్మయ్య సీలు వేసిన డబ్బాలు విప్పనివ్వనని అడ్డం నిలబడ్డాడు. "సీల్ ఏసినంక మల్ల ఇప్పుడేంది? నా నౌకరీ పోవాల్నా?" సిల్వియా సంతకం పెట్టి, ఆఫీసు నుంచి ఫోను చేయించాక గానీ కదల్లేదు. కదిలాక మాత్రం కుర్చీలు తానే తెచ్చి వేశాడు.

గోదాము వెనక ప్రహరీ వెంబడి పొడుగాటి సందు ఉంది. అక్కడ మొదటి తాడును పరిచారు. నూటయాభై మీటర్ల తాడును ఎవరైనా నిండుగా చూడటం అదే మొదటిసారి. ఈ చివర కురచగా మొదలై, నడుమ వెడల్పుగా విచ్చుకుని, ఆ చివర మళ్ళీ సన్నబడింది. ఎక్కడా వంకర లేదు. అందంగా ఉంది. అంత అందంగా కట్టినందుకు అనంతమ్మకు తన చేతుల మీద తనకే కోపం వచ్చింది.

విప్పడమే కష్టమైంది. మైనం దారంతో బిగించిన పూలముడి, వేసినవాళ్ళకే లొంగదు. గోళ్ళు విరిగాయి. యేసుమణి కసి కొద్దీ పళ్ళతో కూడా లాగింది. "నీ ముడి పాడుగాను అక్కా, గింత గట్టిగ ఎవలు నేర్పిండ్రే నీకు?" అంటూ, అంటూనే అందరికంటే ముందు తన తాడు విప్పింది. తల మీద నుంచి విమానాలు దిగుతుంటే మాట వినపడేది కాదు, చేతులతో సైగలు చేసుకునేవాళ్ళు. ఏడు మీటర్లవి ఒక కొసకు, ఆరువి దాని తరువాత. అనంతమ్మ ప్రతి తాడు వెంబడీ ఆ చివర దాకా నడిచి చూసి, మళ్ళీ వెనక్కి నడిచి చూసి, అప్పుడు చుట్టమనేది. మధ్యాహ్నం సద్ది తింటూనే కట్టారు. నాలుగున్నరకు పన్నెండో డ్రమ్ము డబ్బాలో పడింది. కుర్మయ్య కొత్త సీలు వేశాడు. బండి ఎయిర్‌పోర్టు వైపు మలుపు తిరిగేదాకా అందరూ నిలబడి చూశారు.

జగదీశ్ ప్రాణం కుదుటపడి అందరికీ చాయ్, మిర్చి బజ్జీలు తెప్పించాడు. సిల్వియా అనంతమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేనెంతోమంది పనివాళ్ళను చూశానమ్మా. తప్పు జరిగిందని తమంతట తాము వచ్చి చెప్పినవాళ్ళు లేరు. మీరు చెప్పకపోతే ఈ ఏడాది ఎన్ని పక్షులు పోయేవో. మీ గురించి ఆఫీసుకు రాస్తాను. ఒక్క ఫోటో తీసుకోనా?"

అనంతమ్మ నోట్లో బజ్జీ ముక్క నోట్లోనే ఉండిపోయింది. తిడితే ఓర్చుకునేది. నిన్నటి నుంచి తేలు కుట్టిన దొంగలా కూర్చున్న మనిషికి పొగడ్త ఎలా దిగుతుంది? జగదీశ్ వైపు చూసింది. అతను చాయ్ కప్పులోకి చూస్తున్నాడు. యేసుమణి వద్దన్నట్టు కళ్ళతోనే చెప్పింది.

"ఫోటో వద్దు బిడ్డా" అంది అనంతమ్మ. "ఇంక నాలుగున్నయి."

"ఏంటమ్మా నాలుగు?"

"పోయిన నెల పోయిన తాళ్ళు. అవి గూడ గిట్లనే కట్టిన. నిన్న చెప్పలే. నాకు భయమైంది."

సిల్వియా కప్పు కింద పెట్టింది. లేచి దూరంగా వెళ్ళి ఫోనులో మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. తిరిగి వచ్చేసరికి ఆమె ముఖంలో ఇందాకటి నవ్వు లేదు, కోపం కూడా లేదు. నాలుగు తాళ్ళూ ఒకే ఓడ మీద ఉన్నాయట. ఆ ఓడ గాలాలు వేయడం మొదలుపెట్టి అప్పటికి పంతొమ్మిది రోజులు.

"ఓడవాళ్ళు విప్పి మళ్ళీ కట్టుకోగలరు. కానీ ఆ ముడి ఎలా విప్పాలో వాళ్ళకు తెలియడం లేదట. కోస్తే గొట్టం పాడవుతుంది. మీరు విప్పి, కట్టి చూపించండి, నేను వీడియో తీస్తాను."

మిగిలిన తాడు ముక్క ఒకటి తీసుకుని అనంతమ్మ కుర్చీలో కూర్చుంది. ముఖం వద్దు, చేతులు చాలంది. మైనం ఎక్కడ గీకాలో, ఏ పోగు ముందు లాగాలో, మెల్లగా, ఒకటికి మూడుసార్లు చూపించింది. ఎన్నో ఏళ్ళ క్రితం అత్త తనకు అంత మెల్లగానే చూపించింది. ఆ చేతుల వీడియో అప్పటికప్పుడే భూమి అడుగు కొసకు వెళ్ళిపోయింది.

సోమవారం నుంచి బల్లకు పెద్ద యేసుమణి. జగదీశ్‌కు మెమో వచ్చింది. అతను రెండు రోజులు అనంతమ్మతో మాట్లాడలేదు, మూడో రోజు తనే వచ్చి కాగితం తెలుగులో రాయించి బల్ల పైన గోడకు అతికించాడు. యేసుమణి పెద్దరికం వచ్చినందుకు సంతోషించలేదు. "నీ కుర్చీల నేను కూసోను" అని పాత చోటులోనే కూర్చుంది.

ఆ వారంలోనే సిల్వియా వచ్చింది. ఓడవాళ్ళు నాలుగు తాళ్ళూ సరిచేసి కట్టారట. వీడియో చూపించింది. పొడుగు గొట్టాలు ఓడ పక్కన నీళ్ళను కొడుతున్నాయి. పక్షులు దూరం నుంచే తిరిగిపోతున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. అనంతమ్మ కొట్టలేదు.

"గంతకు ముందు ఎన్ని పోయినయి?"

"ఇప్పుడు అదంతా ఎందుకమ్మా..."

"రాసుకుంటరు గద. నువ్వే చెప్పినవ్, ఎన్ని సచ్చినయో రాసుడే నీ పని ఉండె అని. చెప్పు."

సిల్వియా ఫోను ఆపేసింది. "తొమ్మిది. ఆరు చిన్న జాతివి. మూడు ఆల్బట్రాస్‌లు. అందులో ఒకదాని కాలికి కడియం ఉంది. గూట్లో పిల్లగా ఉన్నప్పుడు వేసింది. దాని మీద నంబరు చూసి చెప్పారు, దానికి ముప్పై నాలుగేళ్ళు."

"మా రేఖ కన్న రెండేండ్లు పెద్దది" అంది అనంతమ్మ. రేఖ ఆమె కూతురు. మళ్ళీ అడిగింది. "దాని జోడు?"

"గూటి దగ్గర ఉండి ఉంటుంది."

"ఎన్ని దినాలు సూస్తది?"

"మళ్ళీ జత కట్టడానికి వాటికి చాలా కాలం పడుతుందమ్మా. కొన్నేళ్ళు ఒక్కటే వచ్చి అదే చోట కూర్చుంటుంది."

అనంతమ్మ తల ఊపి బల్ల దగ్గరికి వెళ్ళింది. ఏడ్చింది, కానీ చేతులు ఆపలేదు. ముక్కు భుజానికి తుడుచుకుంటూ కట్టింది.

మరుసటి నెల కొత్త ఆర్డరు వచ్చింది. తాడు మొదలుపెట్టే ముందు అనంతమ్మ ఇంటి నుంచి తెచ్చిన నల్లదారం తీసి, మొదటి కొసన ముడి వేయసాగింది. జగదీశ్ వచ్చి నిలబడ్డాడు.

"గిదేందక్కా, దిష్టికా?"

"కాదు. గిది ఓడ దిక్కు కొస. కాయితం సదవరానోళ్ళు కట్టినా, సీకట్ల కట్టినా, నేను లేని నాడు కట్టినా, చేత్తోని తడిమితే తెల్వాలె."

జగదీశ్ ఆ కొసను తడిమి చూసి, "మంచిగుంది, అన్నిటికీ ఎయ్యుండ్రి" అని వెళ్ళిపోయాడు. అనంతమ్మ ముడి మీద ముడి వేస్తూనే ఉంది.

"గుర్తుకు ఒక్కటి సాలదా అక్కా?" అంది యేసుమణి.

అనంతమ్మ తొమ్మిదో ముడి బిగించాక దారం తెంపి, ఏడు మీటర్ల గొట్టాల కోసం చెయ్యి చాపింది.